కారు టైరూ పది రసాలూ

శకుంతలకు అన్నిటికన్నా పెద్ద భయం ఏదంటే, మలుపు. మలుపు దగ్గర మొగుడి మోటారు సైకిలు తిరగదనీ, రోడ్డు ఎడమకు పోతే బండి తన దారిన తాను తిన్నగా పోతుందనీ, ఆ ఊపులో ఒళ్ళో ఉన్న పదకొండు నెలల పిల్లాడు చేజారిపోతాడనీ భయం.

చిన్నాచితకా భయాలు వేరే ఉన్నాయి, వాటికి లెక్కలేదు. పాలు పొంగితే భయం, పొంగకపోతే విరిగాయేమోనని భయం. పిల్లాడు ఒక్కసారి తుమ్మితే అపశకునమని భయం, రెండుసార్లు తుమ్మితే జలుబని భయం. గంటకోసారి వాడి నుదుటి మీద బొటనవేలు ఆనించి, ఒళ్ళు కాలుతోందేమో చూసుకునేది. అత్తగారు అన్నపూర్ణమ్మ అది చూసి, "జ్వరం చూడాలంటే అందరూ అరచెయ్యి పెడతారు. నువ్వేంటమ్మా, సంతకం రానిదానిలా వేలిముద్ర వేస్తావు?" అనేది.

"ఎనిమిది దాకా చదివానండీ" అనేది శకుంతల ఉక్రోషంగా. తొమ్మిదిలో చేరాల్సిన ఏడు అమ్మకు జబ్బు చేసి బడి మానింది గానీ, లేకపోతే ఆమె దస్తూరీ నూజివీడులో ఎవరికీ తీసిపోయేది కాదు.

మలుపు భయం మాత్రం పుట్టుకతో వచ్చింది కాదు. ఎనభై ఆరు వేసవిలో, యలమంద షెడ్డులో పుట్టింది.

శకుంతల మొగుడు గోపాలకృష్ణది మామిడి వ్యాపారం. తండ్రి పోయాక కొట్టూ, తోటల బేరాలూ, తండ్రి గట్టి గొంతూ మూడూ అతనికే వచ్చాయి. పూత పట్టినప్పటి నుంచి కోతలయ్యేదాకా బుల్లెట్టు మీద తిరుగుడే. పొద్దున బాపులపాడు, మధ్యాహ్నం ముసునూరు, సాయంత్రానికి చాట్రాయి మెట్ట తోటలు. వెనకాల రెండు బుట్టల కాయలు కట్టుకుని ఇసుక దారుల్లో, తుమ్మముళ్ళ మీద, ఎండిన డొంకల్లో నడిపేవాడు. ఏ టైరు వేసినా వెనక చక్రానికి సగం సీజను కూడా ఆగేది కాదు. కిందటి ఏడు ముసునూరు అవతల టైరు పేలిపోతే, రెండు బుట్టలూ ఒకదాని మీద ఒకటి నెత్తిన పెట్టుకుని మూడు మైళ్ళు నడిచాడు. దారిన పోయేవాళ్ళు, "కాయలెంతకిస్తావు అబ్బాయ్?" అని బేరం కూడా చేశారట. ఆ అవమానం అతని గుండెల్లో ముల్లులా ఉండిపోయింది.

యలమంద మెకానిక్కు. చేతిలో స్పానరు లేకుండా మాట్లాడలేడు. ఊళ్ళో పెద్దవాళ్ళింట ఒకప్పుడు ఒక బుల్లి కారుండేది, సన్నగా ఎత్తుగా సైకిలు చక్రాల్లాంటి చక్రాలతో. కారు ఎప్పుడో చచ్చిపోయింది. పాత ఇనుము కింద దాన్ని కొన్న యలమందకు వెనక తొడుగులో స్టెప్నీ దొరికింది. రోడ్డు మొహం చూడని టైరు. టేపు పెట్టి కొలిచాడు. పందొమ్మిది అంగుళాలు. పరుగెత్తుకెళ్ళి బుల్లెట్టు చక్రం కొలిచాడు. అదీ పందొమ్మిదే.

"గోపాలకృష్ణ గారూ, ఇది దేవుడు కుదిర్చిన సంబంధం అండీ."

"కారు టైరు మోటారు సైకిలుకేంటయ్యా?"

"కొలతలు కుదిరాక జాతకాలు చూడకూడదండీ. ముల్లు దిగదు, బరువుకు కుంగదు. మీ అబ్బాయి పెళ్ళికి కూడా ఇదే టైరుతో ఊరేగొచ్చు."

బిగించాక, చేతులు తుడుచుకుంటూ అసలు సంగతి చెప్పాడు. "చిన్న ముచ్చటండీ. మోటారు సైకిలు టైరుందే, అది మామిడికాయలాగా గుండ్రంగా ఉంటది. అటు వాల్చినా దొర్లుద్ది, ఇటు వాల్చినా దొర్లుద్ది. కారు టైరు పీటండీ. చదును. పీట నిలబడుద్దిగానీ వాలదు. మలుపులో ఇదివరకటిలా ఊరికే వంగితే మాట వినదు. కాస్త గట్టిగా చెప్పాలి."

"ఎలా చెప్పాలి?"

"ఒంటితో చెప్పాలండీ."

గోపాలకృష్ణ ఆ మాట సగమే విన్నాడు. టైరు మెరుపు చూస్తూ మిగతా సగం వదిలేశాడు. అక్కణ్ణుంచి బయలుదేరి, సెంటరులో ఎడమకు తిరగబోయాడు. బండి తిరగలేదు. రోడ్డు దాటి, సోడా బండిని తప్పించి, మామిడి బుట్టల్లో పరవడానికి తెచ్చి కుప్పపోసిన వరిగడ్డిలోకి తలుపు తీసుకుని ఇంట్లోకి వెళ్ళినట్టు వెళ్ళిపోయింది. బయట వెనక చక్రం ఒక్కటే కనిపించిందట, తీరిగ్గా తిరుగుతూ.

"ఏం గోపాలం, నీ గుర్రానికి ఆకలేసిందా?" అని కొట్లవాళ్ళందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అతనూ నవ్వాడు. ఇంటికొచ్చి, జుట్టులో గడ్డిపరకలతోనే ఆ కథంతా నటించి చూపించాడు. అన్నపూర్ణమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. శకుంతల నవ్వలేదు. పిల్లాణ్ణి గట్టిగా పట్టుకుని, ఆ గడ్డి లేకపోతే అక్కడ ఏముండేదా అని ఆలోచించింది. గోడ ఉండేది.

వారం తిరిగేసరికి గోపాలకృష్ణకు బండి మాట అర్థమైంది. మలుపు కన్నా ముందే కాస్త పక్కకు ఒరిగి, హ్యాండిలు నొక్కిపట్టి తిప్పేవాడు. ఇసుకలో పూర్వంలా జారడం లేదు, ముల్లు దిగడం లేదు. ఎక్కడికెళ్ళినా జనం వంగి వెనక చక్రం చూసేవాళ్ళు. అతని నడకే మారిపోయింది. ఇలా ఉండగా చాట్రాయి నుంచి శుభలేఖ వచ్చింది. శకుంతల అన్నయ్య భాస్కరం పెళ్ళి. శకుంతల ఒక్కతే ఆడపడుచు. పెళ్ళికొడుకును చేసే రోజు పొద్దున, అతన్ని పీట మీద కూర్చోబెట్టాక మాడున మొదటి నూనె చుక్క పెట్టాల్సింది ఆమే. పదిన్నరకు వర్జ్యం. ఆ లోపు నూనె పడాలి. ఆడపడుచు చేత్తో తప్ప ఇంకెవరి చేత్తోనూ పడకూడదని వాళ్ళింటి ఆచారం.

"బండి మీద గంటలో దిగిపోతాం" అన్నాడు గోపాలకృష్ణ.

"నేనూ పిల్లాడూ ఏడింటి బస్సుకు వెళ్తాం. మీరూ మీ పీటా వెనకాల రండి" అంది శకుంతల.

"ఆ బస్సు ప్రతి తోట దగ్గరా బుట్టలెక్కించుకుంటూ ఈడ్చుకుంటూ పోతుంది. పైగా పెళ్ళికొడుకు బావగారు బుల్లెట్టు మీద ఒంటరిగా దిగితే బాగుంటుందా? పెళ్ళాం వదిలేసిందనుకుంటారు."

"గడ్డికుప్పలో దిగితే బాగుంటుందా?"

అరుగు మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్న అన్నపూర్ణమ్మ కత్తి ఆపింది. ఆవిడది భారీ మనిషి, తీర్పు చెప్పేటప్పుడు ఇంకొంచెం భారీ అవుతుంది. "మీ మామగారు ఉండగా తోటల నుంచి కాయ తోలే బండివాళ్ళను ఎలా ఎంచేవారో తెలుసా?" అంది. "బాగా తోలుతావా అని అడిగేవారు కాదు. ఎవడడిగినా తోలుతాననే అంటాడు. దోరగా ఉన్న రసాలు పది ఏరి, గడ్డి పరవకుండా ఒట్టి బుట్టలో పెట్టి, ముసునూరు దాకా పోయి రమ్మనేవారు. వచ్చాక వాటిని గడ్డిలో పెట్టి మూడో రోజు చూసేవారు. తగిలిన దెబ్బ ఆ రోజు కనపడదు, రెండో రోజూ కనపడదు. మూడో రోజు నల్లగా పైకొస్తుంది. పండు మూడు రోజుల తర్వాతైనా నిజం చెప్తుంది. పదిలో ఒక్కటి నల్లబడినా ఆ బండివాడికి మన కాయ లేదు."

గోపాలకృష్ణ మొహం వెలిగింది. "సరే. ఒక్కటి నల్లబడినా బస్సే. ఒక్కటీ నల్లబడకపోతే?"

శకుంతల పిల్లాడి నుదుటి మీద బొటనవేలు ఆనించి ఆలోచించింది. మామిడి ఇంట్లో పుట్టి మామిడి ఇంట్లో మెట్టిన మనిషి. మొగుడి మాట నమ్మకపోవచ్చు, పండు మాట నమ్మకుండా ఎలా? "నల్లబడకపోతే బండి ఎక్కుతాను" అంది. "కానీ పండ్లు వెనకాల కట్టడానికి వీల్లేదు. పిల్లాడు ఎక్కడ కూర్చుంటాడో అక్కడే ఉండాలి. ఒళ్ళో."

"ఎవరి ఒళ్ళో?"

ముగ్గురూ కాసేపు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ అన్నపూర్ణమ్మ మొహం చూశారు.

"నేనా! యాభై ఎనిమిదేళ్ళ వయసులో!" అంది ఆవిడ. అంటూనే లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

ఆవిడ వెనక ఎక్కగానే బండి ఒకసారి కిందికి దిగి, మళ్ళీ ఊపిరి పీల్చుకుంది. ఒళ్ళో బుట్ట, బుట్టలో పది చిన్నరసాలు. వీధి మొత్తం వాకిళ్ళలోకి వచ్చింది. శకుంతల గుమ్మం పట్టుకుని నిలబడింది. గంటన్నర తర్వాత దూరం నుంచి దడదడ వినిపించింది. దాంతోపాటు ఇంకో చప్పుడు కూడా. అన్నపూర్ణమ్మ గొంతు.

"ఇంకా తొక్కరా గోపాలం! ఏంటా నత్తనడక! మీ నాన్న ఎద్దులే నయం!"

దిగేసరికి ఆవిడ ముడి ఊడిపోయి జుట్టంతా గాలికి లేచి ఉంది. కళ్ళు చిన్నపిల్ల కళ్ళలా ఉన్నాయి. "ఒసేయ్ శకుంతలా, మలుపు వచ్చినప్పుడు వాడి వీపుకు అతుక్కుపోయి వాడు ఎటు ఒరిగితే అటు ఒరగాలే. పడవలో కూర్చున్నట్టుంది! ఎదురుగా గేదెలొచ్చాయి, ఏంటనుకున్నావు, వాటి మధ్యలోంచి..."

"గేదెలా?" అంది శకుంతల.

"గేదెలేం లేవు" అన్నాడు గోపాలకృష్ణ గబగబా.

పది పండ్లనూ మధ్యగది మూల గడ్డిలో పెట్టారు. ముట్టుకోవద్దని అన్నపూర్ణమ్మ మరీ మరీ చెప్పింది. ఆ ఇంట్లో అది కొత్త మాట కాదు. కొట్టుకు వచ్చి పండును వేలితో నొక్కి చూసే వాళ్ళ చెయ్యి మీద ఒక్కటేసేది ఆవిడ. పండును ముక్కుతో చూడాలి, కంటితో చూడాలి, వేలితో చూస్తే అది పండును చూడటం కాదు, పొడవడం అనేది.

మూడు రోజులు ఎలా గడిచాయో శకుంతలకే తెలియాలి. పిల్లాడికి అన్నం పెడుతూ ఒకసారి లేచి గడ్డి తొలగించి చూసేది. బియ్యం ఏరుతూ ఒకసారి. స్నానానికి వెళ్తూ ఒకసారి, వచ్చి తడిజుట్టుతో ఒకసారి. ఇవ్వాళ ఎలా ఉన్నాయో, రంగు తిరిగాయో లేదో, లోపల ఏం జరుగుతోందో. నల్లబడాలని కోరుకుంటోందో, నల్లబడకూడదని కోరుకుంటోందో ఆమెకే అంతు చిక్కలేదు. నల్లబడితే హాయిగా బస్సెక్కి పోవచ్చు. కానీ అత్తగారి జుట్టు అలా గాలికి లేచి ఉండటం మాటిమాటికీ గుర్తొచ్చేది. తను ఎప్పుడైనా అలా నవ్వుతూ ఇంటికొచ్చిందా? బడి నుంచి, వానలో తడిసి ఒకసారి.

మూడో రోజు తెల్లవారింది. అదే ప్రయాణం రోజు. ముగ్గురూ స్నానాలు చేసి, గదిలో చుట్టూ కూర్చున్నారు. అన్నపూర్ణమ్మ ఒక్కొక్క పండే తీసి వెలుతురులో తిప్పి చూసింది.

"ఒకటి. బంగారం. రెండు. బంగారం."

ఐదు దాటేసరికి గోపాలకృష్ణ మోకాళ్ళ మీద లేచాడు. ఎనిమిది. తొమ్మిది. గది నిండా రసాల వాసన. పదోది తీసి తిప్పింది. ఆవిడ చెయ్యి ఆగింది.

తొడిమకు కాస్త కింద, నల్లటి మచ్చ. కోలగా, కొద్దిగా లోపలికి దిగి.

గోపాలకృష్ణ ఆ పండు వంక చాలాసేపు చూసి, ఏ వాదనా పెట్టుకోకుండా లేచి, సంచి భుజాన వేసుకున్నాడు. "పద. బస్సుకు టైమైంది" అన్నాడు. వాదించి ఉంటే శకుంతలకు సులువుగా ఉండేది. అతను చెప్పులేసుకుంటూ, వాకిట్లో తుడిచి నిలబెట్టిన బండి వైపు చూడకుండా నడిచాడు. పెళ్ళికోసమని హ్యాండిలుకు చేమంతి దండ కూడా చుట్టి పెట్టుకున్నాడు, పాపం.

పిల్లాడు ఆ మచ్చ పండు కావాలని ఏడిస్తే, అదే వాడి చేతికిచ్చి చంకనేసుకుంది. బస్టాండు దాకా వాడు దాన్ని నాకుతూనే ఉన్నాడు. బస్సు సిద్ధంగా ఉంది, పైన బుట్టలు, లోపల జనం, కిటికీల్లోంచి మోచేతులు. "చాట్రాయ్, చాట్రాయ్, చాట్రాయ్" అని కండక్టరు తలుపు కొడుతున్నాడు. శకుంతల ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టింది. అంతలో పిల్లాడి చేతిలోంచి పండు జారబోయింది. గభాల్న పట్టుకుంది. ఆమె బొటనవేలు నేరుగా వెళ్ళి ఆ నల్లమచ్చలో కూర్చుంది.

సరిగ్గా కూర్చుంది. గిన్నె మీద దాని మూతే పెట్టినట్టు. పక్కన సన్నటి గీత, గోరు ఆనిన గీత, అది కూడా ఆమె గోటికే అతికింది.

మూడు రోజులు. అన్నం పెడుతూ, బియ్యం ఏరుతూ, తడిజుట్టుతో. గడ్డి తొలగించి ఊరికే చూసింది అనుకుంది గానీ, ఎప్పుడూ ముందుగా చేతికందే ఆ ఒక్క పండు మీదే, పిల్లాడి జ్వరం చూసినట్టు, ఇలా ఆనించి...

దెబ్బ కొట్టింది బుల్లెట్టు కాదు, కారు టైరూ కాదు. గేదెలు కూడా కాదు. తనే.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. రెండో కాలు కూడా పైన పెడితే చాలు, అన్నయ్య నెత్తిన పదింటికల్లా నూనె. ఈ బస్సు పోతే తర్వాతది పదకొండుకు. బండి ఏ గడ్డికుప్పలోనో దిగితే వర్జ్యమొచ్చి కూర్చుంటుంది, అన్నయ్య పీట మీద ఎండిపోయిన తలతో కూర్చుంటాడు. ఇదంతా ఆలోచిస్తూ ఉండగా కడుపులో ఎక్కడో కితకితలు మొదలయ్యాయి. అవి పైకి పాకి పాకి నోట్లోంచి నవ్వుగా బయటపడ్డాయి. ఆపుదామంటే ఆగలేదు. అమ్మ నవ్వుతోందని పిల్లాడూ రసం కారుతున్న మూతితో నవ్వడం మొదలుపెట్టాడు.

"అమ్మా, ఎక్కుతారా, నవ్వుతారా? ఏదో ఒకటి తేల్చండి" అన్నాడు కండక్టరు.

"దిగుతాను" అంది శకుంతల.

దిగింది. సంచితో నిలబడ్డ మొగుడి ముందుకొచ్చి, బొటనవేలు మచ్చలో పెట్టి చూపించింది. "ఏవండీ, వేలిముద్ర. దొరికిపోయాను" అంది. అతనికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత అతను వేసిన కేకకు బస్టాండులో కోడిపెట్టలు లేచి ఎగిరాయి. సంచి నెత్తిన పెట్టుకుని ఇంటికి పరుగే పరుగు.

అరుగు మీద అన్నపూర్ణమ్మ అప్పటికే పట్టుచీర కట్టుకుని కూర్చుని ఉంది. సంగతి విని కోడలి బొటనవేలు పట్టుకుని తన వేలి పక్కన పెట్టి చూసుకుంది. "నాకు తెలుసు. ఆ మచ్చ నాది కాదు, నాదైతే పండే మిగలదు" అంది. వెనకాల పదకొండు బస్సుకు రావాల్సిన తను కూడా ఇక బస్సెక్కేది లేదని అక్కడికక్కడే తేల్చేసింది. "ఆ బుట్టల మధ్య నేను కూర్చోలేను. వీళ్ళను దింపి, నూనె పడగానే బండి వేసుకొచ్చి నన్ను తీసుకెళ్ళు గోపాలం. ఇక్కడే కూర్చుంటా."

పాత చీర ముక్కతో పిల్లాణ్ణి నడుముకు కట్టుకుని, మొగుడికీ తనకూ మధ్య కూర్చోబెట్టుకుని, శకుంతల బండెక్కింది. ఎనిమిదవుతోంది.

మొదటి మలుపులో కళ్ళు మూసుకుంది. బండి ఎడమకు ఒరుగుతుంటే, పడిపోతామని ఒళ్ళంతా కుడికి లాగింది. బండి ఇద్దరి మధ్యా తికమకపడి, రోడ్డు దిగి, ఒక తోట కంచె దాకా వెళ్ళి ఆగింది. కంచె అవతల గెడకు కట్టిన చిక్కంతో కాయలు కోస్తున్న ఆడవాళ్ళు, "రండి రండి, టీ తాగుతారా?" అన్నారు. రెండో మలుపులోనూ అంతే. ఈసారి గడ్డివాము దాకా వెళ్ళింది.

"మీ బండికి గడ్డంటే ఎంత ఇష్టమండీ!" అంది శకుంతల వణుకుతూ.

"బండికి కాదు. నేను అటు చెప్తుంటే నువ్వు ఇటు చెప్తున్నావు. అది ఎవరి మాట వింటుంది? పీట కదా, ఇద్దరమూ ఒక మాట మీద ఉండాలి."

శకుంతల దిగి, పిల్లాడి ముడి ఒకసారి బిగించి చూసుకుంది. గడియారం ఎనిమిదీ నలభై. అత్తగారి మాట గుర్తొచ్చింది. వీపుకు అతుక్కుపోవాలి. అతను ఎటు ఒరిగితే అటు. భయమేసినా అటే. ఎక్కింది. మూడో మలుపు చెరువు గట్టు మీద, పాములా వంకర. ఈసారి కళ్ళు తెరిచే ఉంచింది. మొగుడి భుజం ఎడమకు దిగడం చూసింది. పళ్ళు బిగించి, ఒళ్ళంతా మూటలా చేసి, అటే పడేసింది.

బండి తిరిగింది.

ఎద్దు మెడ తిప్పినట్టు, నిదానంగా, గౌరవంగా, మొత్తం ఒళ్ళు తిప్పి తిరిగింది. నీళ్ళు పక్కనుంచి మెరుస్తూ వెళ్ళిపోయాయి. గాలి కొంగులో దూరి జెండా ఎగరేసింది. మధ్యలో పిల్లాడు కేరింతలు కొడుతూ తండ్రి చొక్కా మీద రసం చేతులతో బొమ్మలు వేస్తున్నాడు.

"ఇంకోటి వస్తోందండీ! కుడికి! ఒరగండి, ఒరగండీ!" అని అరిచింది శకుంతల.

"నడిపేది నేనా నువ్వా?"

"ఇద్దరం! ఒరగండి!"

ఆ తర్వాత మలుపు రాకపోతే ఆమెకు తోచలేదు. తిన్నని రోడ్డు వస్తే, "ఇదేంటండీ, ఇంత చప్పగా ఉంది?" అంది. ఒక తోట దగ్గర బుట్టలెక్కించుకుంటూ ఆగిన ఏడింటి బస్సు కనబడింది. పక్కనుంచి దడదడా దాటేటప్పుడు, శకుంతల ఒక చెయ్యి వదిలి, బొటనవేలు ఎత్తి కండక్టరుకు చూపించింది. తను ఒక చెయ్యి వదిలిందన్న సంగతి ఆ తర్వాత మైలు దాకా ఆమెకు తట్టలేదు. తట్టాక కూడా గట్టిగా నవ్విందే గానీ, ఏడవలేదు.

చాట్రాయిలో పందిరి కిందికి బండి వచ్చి ఆగేసరికి తొమ్మిదీ నలభై. అన్నయ్య భాస్కరం పీట మీద పసుపు పంచెతో కూర్చుని, గుమ్మం వంకే చూస్తున్నాడు. చెల్లెలి జుట్టు, కొంగు, పిల్లాడి మూతి చూసి, "తుఫానొచ్చిందా?" అన్నాడు.

"తుఫాను కాదు, కారు టైరు!" అంది శకుంతల. నూనె గిన్నెలో వేలు ముంచింది. బొటనవేలు. అన్నయ్య మాడు మీద ఆనించి గట్టిగా నొక్కింది. పంతులుగారు ఉలిక్కిపడ్డారు గానీ, నూనె నూనే కదా. పదిన్నరకు ఇంకా నలభై అయిదు నిమిషాలుంది.

ఇక ఆ తర్వాత జరిగింది చెప్పక్కర్లేదు. పెళ్ళికి వచ్చిన మగాళ్ళందరూ బండి చుట్టూ మూగారు. ఒకాయన ఒక చుట్టు తిప్పమన్నాడు, ఇంకొకాయన రెండు చుట్లన్నాడు, పెళ్ళికొడుకు నలుగుపిండితోనే ఎక్కేశాడు. వెనక ఎవరు కూర్చున్నా శకుంతల పక్కన నిలబడి, ఎలా ఒరగాలో చేతులు ఊపి ఊపి నేర్పింది. వద్దు బాబోయ్ అన్న మేనత్తను కూడా ఎక్కించింది. మధ్యాహ్నం భోజనాల్లో రసాలు వడ్డించారు. అందరూ నొక్కి చూసి తీసుకుంటుంటే శకుంతల వాళ్ళ చేతుల మీద ఒక్కొక్కటి వేసింది, అచ్చం అత్తగారిలా.

అత్తగారు!

నూనె పడగానే వచ్చి తీసుకెళ్ళమన్న ఆవిడ మాట శకుంతలకు ఇంకా గుర్తు రాలేదు. గోపాలకృష్ణకూ గుర్తు రాలేదు. అతనిప్పుడు పంతులుగారిని ఎక్కించుకుని చెరువు గట్టు వైపు వెళ్ళాడు. మీలో ఎవరైనా ఇవాళ నూజివీడు వైపు వెళ్తుంటే, కాస్త పుణ్యముంటుంది, వాళ్ళ వీధిలోకి ఒకసారి తొంగి చూడండి. అరుగు మీద పట్టుచీర కట్టుకుని, ముడి విప్పి సిద్ధంగా పెట్టుకుని, ఒక భారీ మనిషి కూర్చుని ఉందేమో చూడండి. ఉంటే, బండి వస్తోందని చెప్పి, కాసిని మంచినీళ్ళివ్వండి.